లబ్ధిదారు వాటా

మార్చి ముప్పై ఒకటి, రాత్రి పదకొండు.
గుంటూరు కార్పొరేషన్‌లో
అకౌంట్స్ సెక్షన్ ఒక్కటే మేలుకుని ఉంది.
బిల్లులు ఎగరకుండా టీ గ్లాసు బరువు పెట్టి
ఢిల్లీకి వెళ్ళాల్సిన కాగితం రాస్తున్నాను:
"ఏ నిమిత్తం మంజూరైనదో
ఆ నిమిత్తమే ఖర్చు చేయబడినదని
ఇందుమూలముగా ధ్రువీకరించడమైనది."

ఇరవై రెండేళ్ళుగా ఇదే వాక్యం.
నిద్రలో లేపి అడిగినా తప్పు పోను.
పెళ్ళిలో మంత్రాలు కూడా
ఇంత స్పష్టంగా పలకలేదంటుంది మా ఆవిడ.

కేంద్రం వాటా ఒక గడి.
రాష్ట్రం వాటా ఒక గడి.
మూడోది లబ్ధిదారు వాటా,
అంకె పట్టక పక్క గడిలోకి ఒరుగుతుంది.

ఆ గడిలోకి మస్తాన్‌బీ వచ్చిన రోజు నాకు గుర్తే.
మిర్చి యార్డులో తొడిమలు తీసే మనిషి.
కొంగుముడి విప్పి, అందులో రుమాలు విప్పి,
రుమాల్లో పాలిథిన్ కవరు విప్పి
నోట్లు నా బల్ల మీద పెట్టింది.
"ఇక్కడ కాదమ్మా, బ్యాంకులో కట్టాలి" అన్నాను.
"చలానా రాసిపెట్టు బాబూ.
లెక్క సరిపోయిందో లేదో కూడా చూడు."

మొదటి నోటుకే తుమ్మొచ్చింది.
పదో నోటుకు కళ్ళు.
పక్క సీటు సాంబిరెడ్డి దగ్గుతూ కిటికీ తెరిచాడు.
సెక్షనంతా ఏడుస్తోంది, ఆమె తప్ప.
"అలవాటు లేని ముక్కులు" అని నవ్వి
అరచేతులు చూపించింది.
వేలిగీతలు అరిగిపోయాయి.
నువ్వు నువ్వు కాదని
వేలిముద్ర మిషను నాలుగుసార్లు చెప్పిందట.

తుమ్మితే కాసేపు కూచుని లేవాలంటారు.
ఆమె నాలుగేళ్ళు కూచుంది.
అడవితక్కెళ్ళపాడు దారిలో బ్లాకులు
కిటికీలు లేకుండా నాలుగు వానాకాలాలు నిలబడ్డాయి.
ఫైలు అట్ట మీద పథకం పేరు రెండుసార్లు కొట్టేసి రాశాం.
గోడలకు రంగూ అన్నిసార్లే మారింది.
తలుపులకు గొళ్ళేలే, చివరిదాకా రాలేదు.

కిందటి నెల తనిఖీకి వెళ్ళాను.
ఆమెది మూడో అంతస్తు.
కుళాయి నీళ్ళు రెండో అంతస్తులో అలిసిపోతాయి.
బిందె దించి, ఊపిరి తీసుకుని,
"నల్లచెరువులో వానొస్తే మంచం ఎక్కి కూచునేవోళ్ళం.
ఇప్పుడు చూడు బాబూ,
వాన మాకంటే కిందకి పడతాది" అంది.
నేను రాసుకోలేదు. ఆ ఫారంలో చోటు లేదు.

సామాజిక సేవల పద్దు కింద
ఒక హాలు, పద్దెనిమిది వీధి దీపాలు, ఒక పిల్లల గది.
హాలు తాళంచెవి ఎవరి దగ్గరుందో ఎవరూ చెప్పరు.
పిల్లల గదికి ఊయల కొన్నాం, ఓచరు ఉంది.
ఊయలలో ఎవరిదో పిల్ల నిద్రపోతోంది.
దాని కింద ఎండుమిరపకాయల గోతం.
చుట్టూ ఏడుగురు తల్లులు, తొడిమలు తీస్తూ.
యార్డుకి ఆటోలో రానూ పోనూ అరవై రూపాయలు;
అందుకని కాయే వాళ్ళ దగ్గరికి వస్తోంది.
ఇల్లొచ్చింది, పని దూరమైంది.
దీనికి ఆడిట్ భాషలో ఏం పేరో నాకు తెలీదు.

"సదరు గది ఉద్దేశించిన పనికి వాడబడుట లేదు"
అని రాయాల్సింది నేనే.
ఒక తల్లి చేత్తో తొడిమ తుంచుతూ
కాలి బొటనవేలితో ఊయల ఊపుతోంది.
తుమ్మొచ్చి పెన్ను జారిందని
రేపు ఎవరైనా అడిగితే చెబుతాను.

పన్నెండుకి ఐదు నిమిషాలు.
మూడు గడులూ కూడితే మొత్తం సరిపోయింది,
పైసా తేడా లేదు.
స్టాంపు వేశాను.
సిరా ఆరిందో లేదోనని
కాగితాన్ని ముఖం దగ్గరికి తెచ్చుకున్నాను.

ఏ ఘాటూ లేదు.